మాగునది తీగెయా, చెవియా?

కొత్త వస్తువు వాడుకలో పడినకొలది మెరుగగునను నమ్మకము మన ఇండ్లలో చిరకాలముగా ఉన్నది. అది గుడ్డినమ్మకము కాదు. కొత్త ఇనుప పెనముపై మొదటి దోసె అంటుకొని ముక్కలగును. నాలుగు దినములు నూనె రాచి కాల్చిన పిమ్మట అదే పెనము దోసెను తేలికగా వదలును. కాలిన నూనె ఇనుముపై గట్టి పొరగా ఏర్పడుటయే దీనికి కారణము. ఆ పొరను కంటితో చూడవచ్చును, వేలితో తాకవచ్చును. కొత్త చెప్పు మొదట కరచును, పిమ్మట కరవదు. ఇందు కొంత తోలు మెత్తబడుట, కొంత పాదము గట్టిపడుట. రెండును జరుగును గనుక ఏది ఎంత అని ఎవరును లెక్కింపరు.

కాని చెప్పుల వ్యాపారి వచ్చి, "పాదము మాట ఎత్తవద్దు, మారినదంతయు తోలే, పైగా చెప్పు కుట్టిన దారము కూడ మాగినది, దానికి వేరుగా సొమ్మియ్యవలెను" అన్నచో మనము ఆగి ఆలోచింపవలసి యుండును. ఖరీదైన హెడ్‌ఫోనుల విషయమునను, వాటి కేబుళ్ళ విషయమునను సంగీతప్రియుల నడుమ ప్రచారములో ఉన్న "బర్న్‌ఇన్" వాదము సరిగా ఇట్టిదే. దానిలోని సత్యమెంత, అసత్యమెంత అని విడదీసి చూచుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

వాదమేమి?

కొత్త హెడ్‌ఫోను పెట్టెలోనుండి తీసినంతనే దాని అసలు నాదము వినిపింపదట. దానిగుండ 100 గంటలో, 200 గంటలో, కొందరి మాటలో 500 గంటలో సంగీతమునుగాని, అన్ని స్థాయిల ధ్వనులును కలిసిన హోరునుగాని ఎడతెగక పోనియ్యవలెనట. అప్పుడు కీచుదనము తగ్గి, మంద్రస్థాయి నిండుగా పలికి, వాద్యములు వేటికవి విడివిడిగా వినిపించునట. మామిడికాయలను గడ్డిలో మాగవేసినట్లు హెడ్‌ఫోనును మాగవేయవలెనన్న మాట. హెడ్‌ఫోనుతో ఆగక, దానికి విద్యుత్తును తెచ్చు కేబులు కూడ ఇట్లే మాగవలెనని చెప్పువారున్నారు. ఇందుకొరకై తీగెలకు తగిలించి దినముల తరబడి నడుపు ప్రత్యేక యంత్రములు కూడ అమెరికా మొదలగు దేశములలో అంగడికి వచ్చినవి.

బర్న్‌ఇన్ అను మాట సంగీతప్రియులు సృష్టించినది కాదు. ఎలక్ట్రానిక్ కర్మాగారములనుండి వచ్చినది. అక్కడ దాని అర్థము వేరు. కొత్తగా తయారైన భాగములలో లోపమున్నవి చాలవరకు మొదటి గంటలలోనే చెడిపోవును. కావున వాటిని అంగడికి పంపకముందే వేడిలో ఉంచి, విద్యుత్తు పారించి, చెడునవి అక్కడనే చెడునట్లు చేయుదురు. అమెరికా సైనికశాఖ 1968లో తొలుత వెలువరించిన 883వ ప్రమాణములో ఇట్టి పరీక్ష ఉన్నది. 125 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో 160 గంటలు నిలుపుట దానిలో ప్రసిద్ధమైన కొలత. ఈ పరీక్ష పుచ్చులను ఏరివేయుటకే గాని మంచివానిని మరింత మంచివిగా చేయుటకు కాదు. కర్మాగారములో ఏరివేత అని అర్థమున్న మాట, అంగడికి వచ్చుసరికి మెరుగుదల అని అర్థము మార్చుకొన్నది.

ఇందలి సత్యము

ప్రత్యర్థి చేతనున్న సత్యమును మొదట అంగీకరించుట న్యాయము. కదలు భాగములున్న యంత్రము వాడుకచేత మారును. పెద్ద లౌడ్‌స్పీకరులో కాగితపు శంకువును పట్టియుంచు ముడుతల గుడ్డయు, అంచుననున్న రబ్బరు పట్టీయు మొదటి కొద్దిసేపటి కదలికలోనే కొంత వదులగును. అందుచేత ఆ స్పీకరు సహజముగా ఊగు పౌనఃపున్యము కొద్దిగా దిగును. ఈ మార్పును పరికరములతో కొలిచి చూపియున్నారు. అయినను అట్టి స్పీకరును మూసిన పెట్టెలో బిగించినప్పుడు లోపలి గాలియే ముఖ్యమైన స్ప్రింగుగా పనిచేయును గనుక, వినవచ్చు తేడా కొలత చూపినదానికంటె తక్కువగా ఉండును.

హెడ్‌ఫోనులోని పటలము మిక్కిలి పలుచని ప్లాస్టిక్ పొర. దాని కదలిక మిల్లీమీటరులో స్వల్పభాగము. అందును కొంత మార్పు రావచ్చును. దానికంటె స్పష్టముగా మారునవి చెవులచుట్టు ఆనుకొను మెత్తలు. అవి వాడుకలో అణగి, తలకు బాగుగా అమరును. మెత్తకును చర్మమునకును నడుమ సందు ఉన్నచో మంద్రస్థాయి ధ్వని బయటికి జారిపోవును; కళ్ళజోడు కాడ చేయు సందుకూడ ఇందుకు చాలును. హెడ్‌ఫోనును తీసి మరల పెట్టుకొన్నప్పుడు అది కొన్ని మిల్లీమీటర్లు జరిగినచో, తారస్థాయిలో కొన్ని డెసిబెళ్ళ తేడా కనబడును. మాగుటవలన వచ్చినదని చెప్పు మార్పుకంటె ఇది పెద్దది.

ఇక్కడ ఒక ప్రశ్న వేయక తప్పదు. వస్తువు మారుట వేరు, మెరుగగుట వేరు. రబ్బరునకు మన రుచి తెలియదు. వాడుకచేత వచ్చు మార్పు ఒక వస్తువులో మేలుగాను మరియొక దానిలో కీడుగాను పరిణమింపవలెను. కాని బర్న్‌ఇన్ వర్ణనలలో నాదము ఎల్లప్పుడు మెరుగే అగును. మూడువందల గంటలు మాగవేసినందున చెడినదని వ్రాసినవారు అరుదు. పైగా సరిగా కొన్నవాడు మెచ్చుకొను స్థితికి రాగానే ఆ మార్పు ఆగిపోవునట! వస్తువునకు మాత్రమే సంబంధించిన మార్పైనచో, కొన్నవాని ఇష్టమును ఇంత చక్కగా కనిపెట్టుకొని యుండుటకు కారణము లేదు.

తీగె లెక్క

హెడ్‌ఫోనులో కదలు భాగములైనను ఉన్నవి. కేబులులో అవియు లేవు. ఒక చిన్న లెక్క వేసి చూతము.

సెన్‌హైజర్ సంస్థ 1997లో వెలువరించిన హెచ్‌డి 600 అను ప్రసిద్ధమైన హెడ్‌ఫోను అవరోధము 300 ఓములు. దానికి ఒకటిన్నర మీటరు పొడవున, 0.1 చదరపు మిల్లీమీటరు అడ్డుకోతగల రాగి తీగెను తగిలించితి మనుకొందము. పోవు దారి, వచ్చు దారి కలిపి తీగె నిరోధము సుమారు అర ఓము. హెడ్‌ఫోనునకు 1 మిల్లీవాట్టు శక్తి అందినచో సంగీతము చాలినంత బిగ్గరగా వినిపించును. అప్పుడు తీగెలో ప్రవాహము 1.8 మిల్లీఆంపియర్లు. ఆ తీగె మొత్తములో పుట్టు వేడి వాట్టును పదిలక్షల పాళ్ళు చేసినచో అందులో రెండు పాళ్ళైనను లేదు. తీగెను అరచేత పట్టుకొన్నచో దానికి తగులు వేడి ఇంతకు వేలరెట్లు. ఈ రాగి కర్మాగారములో అచ్చులగుండ లాగబడి సన్నబడినది. పిమ్మట మెత్తబడుటకై వందల డిగ్రీల వేడిలో కాచబడినది. అంతటి బాధను సహించిన లోహము, మన పాటల వేడికి తన అమరికను మార్చుకొనునా?

పోనీ, ఎలక్ట్రానుల ప్రవాహము తీగెలో దారి తీర్చునేమో యని అనుకొనువారున్నారు. పంటకాలువలో నీరు పారి పారి గట్లు నునుపెక్కునట్లు ఊహించుట సహజమే. కాని సంగీతపు విద్యుత్తు కాలువవలె ఒకే దిక్కునకు పారదు. ముందునకు వెనుకకు ఊగుచుండును. పై లెక్కలోని ప్రవాహమునకు, సెకనుకు 100 సార్లు ఊగు మంద్రధ్వనిలో, ఎలక్ట్రానుల సగటు ఊపు ఒక్కొక్క వైపునకు సుమారు 3 నానోమీటర్లు, అనగా పండ్రెండు రాగి పరమాణువులను వరుసగా పేర్చిన పొడవు. తారధ్వనులలో ఇది ఇంకను తక్కువ. ఉన్నచోటనే ఊగునది ఏ దారిని తీర్చును?

అయినను వాదము కొరకు, మాగుటచేత రాగి నిరోధము నూటికి 1 వంతు తగ్గినదనియే ఒప్పుకొందము. అర ఓములో నూరవ వంతు 0.005 ఓము. 300 ఓముల పక్కన దీని ప్రభావము డెసిబెలులో పదివేలవ వంతునకు కొంచెము పైన. శ్రద్ధగల శ్రోతకైనను తేడా తెలియవలెనన్న డెసిబెలులో పదవ వంతులు కొన్ని కావలెను. అనగా వెయ్యి రెట్లు పెద్ద మార్పు కావలెను. మరియొక సంగతి: రాగి నిరోధము ఒక్క డిగ్రీ ఉష్ణోగ్రతకు నూటికి 0.4 వంతు మారును. కిటికీ తెరచి గది రెండు మూడు డిగ్రీలు చల్లబడినచో, 300 గంటలు మాగవేసినందున వచ్చునని మనము ఒప్పుకొన్న మార్పు కిటికీ చలువచేతనే వచ్చును. కిటికీ తెరచినందున వీణానాదము నిండుగా వినిపించినదని ఎవరును వ్రాయుట లేదు.

లోహము కాదు, దానిపై తొడుగు మాగుననువారును కలరు. తొడుగునకు సంబంధించిన ముఖ్యమైన గుణము కెపాసిటీ. తీగె కెపాసిటీ 300 పికోఫారడులైనచో, వినగల ధ్వనుల చివరి హద్దయిన 20,000 హెర్ట్జ్ వద్ద కూడ అది 26,000 ఓములకు పైబడిన అవరోధము. 300 ఓముల దారి పక్కనే తెరచియుండగా ఈ దారిన పోవు విద్యుత్తు లెక్కకు రానిది. అందులో కొంత మార్పు వచ్చినను చెవివరకు చేరదు.

ఈ గుణములనన్నిటిని మన చెవికంటె ఎన్నో రెట్లు సూక్ష్మముగా కొలుచు పరికరములు సామాన్యమైన ప్రయోగశాలలలో ఉన్నవి. మాగకముందు, మాగిన పిమ్మట అని రెండు కొలతలు ప్రకటించుట తీగె అమ్మువానికి ఒక పూట పని. కొలతలకు మారుగా విశేషణములు ప్రకటించుటయే ఈ వ్యాపారములో గమనింపదగిన విషయము.

మారునది ఎవరు?

అయినచో లక్షల మంది సంగీతప్రియులు అబద్ధమాడుచున్నారా? కానే కాదు. వారు విన్న మార్పు నిజమే కావచ్చును. అది ఎక్కడ జరిగినదన్నదే ప్రశ్న.

కొత్త కళ్ళజోడు పెట్టుకొన్నవానికి మొదటి రెండు దినములు నేల వాలినట్లు, మెట్లు దగ్గరైనట్లు తోచును. వారము తిరుగకమునుపే అంతయు సర్దుకొనును. అద్దములు మాగినవని ఎవరును అనరు, కన్ను అలవాటుపడినదందురు. చెవియు అట్లే అలవాటుపడునని ప్రయోగములు చూపినవి. నెదర్లాండ్సులో హాఫ్‌మన్, వాన్ రిస్విక్, వాన్ ఆప్‌స్టాల్ అను శాస్త్రజ్ఞులు 1998లో ప్రకటించిన పరిశోధన ఇందుకు చక్కని నిదర్శనము. వారు నలుగురు వ్యక్తుల చెవిదొప్పలలో అచ్చులు అమర్చి, దొప్పల ఆకారమును మార్చిరి. ధ్వని పైనుండి వచ్చుచున్నదో క్రిందినుండి వచ్చుచున్నదో చెప్పు శక్తి వెంటనే దెబ్బతినినది. ఆరు వారముల లోపున ఆ శక్తి తిరిగి వచ్చినది. అచ్చులలో ఏ మార్పును లేదు. మెదడు కొత్త చెవులను నేర్చుకొన్నది. అంతకంటె వింత ఏమన, అచ్చులు తీసివేసినంతనే వారు పాత చెవులతో కూడ సరిగా చెప్పగలిగిరి. రెండు భాషలు వచ్చినవాడు ఒకదానినుండి మరియొకదానికి మారినట్లు మెదడు మారినది.

కొత్త హెడ్‌ఫోను కూడ చెవికి ఒక కొత్త దొప్పవంటిదే. దాని ధ్వని మొదట వింతగా తోచి, వినగా వినగా సహజమగును. పరిచయము ప్రీతిని పెంచునని రాబర్ట్ జయాన్స్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1968లో ప్రయోగపూర్వకముగా చూపెను. వీటికి తోడు, ధ్వనుల సూక్ష్మ వివరములు మన జ్ఞాపకములో కొద్ది సెకనులకు మించి చెదరక నిలువవు. మూడు నెలల క్రిందట విన్న నాదమును నేటి నాదముతో పోల్చుచున్నాననువాడు, నాదమును కాదు, నాదమును గురించి తాను చెప్పుకొన్న మాటలను పోల్చుచున్నాడు.

రెండవ జత ఏది?

విమర్శకుల పైన నా ముఖ్యమైన ఆక్షేపణ ఇక్కడ ఉన్నది. కొత్త హెడ్‌ఫోనును సమీక్షించుచు, "మొదట కర్కశము, 200 గంటల పిమ్మట తెర తొలగినది" అను ధోరణిలో వ్రాయుట పరిపాటి. ఆ 200 గంటలలో వస్తువుతోపాటు వినువాడును మారినాడు. కొలతకోలయు, కొలువబడు గుడ్డయు రెండును సాగినప్పుడు, గుడ్డ సాగినదని తీర్పు చెప్పుట ఎట్లు? ఈ చిక్కు విప్పు ఉపాయము ఏ రసాయనశాల విద్యార్థికైనను తెలియును. ఒకే రకపు జతలు రెండు తీసికొని, ఒకదానిని మాగవేసి, రెండవదానిని పెట్టెలోనే ఉంచవలెను. ఏది ఏదో వినువానికిని తెలియరాదు, అందించువానికిని తెలియరాదు. రెండింటి బిగ్గరదనమును పరికరముతో సమానము చేయవలెను. ఏలయన కొంచెము బిగ్గరగా ఉన్నది మెరుగుగా తోచును. అప్పుడు గుర్తుపట్టుమనవలెను. 16 సార్లలో 12గాని అంతకుమించిగాని సరిగా చెప్పినచో, గుడ్డిగా ఊహించి అట్లు చెప్పు అవకాశము నూటికి 4 కంటె తక్కువ గనుక, విషయమున్నదని ఒప్పుకొనవచ్చును.

ఈ పద్ధతి కొత్తది కాదు. బెల్ ప్రయోగశాలలకు చెందిన మన్సన్, గార్డ్‌నర్ అనువారు ఇట్టి పరీక్షను 1950లోనే వివరించిరి. చూచి వినుటకును, చూడక వినుటకును ఎంత తేడాయో ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ 1994లో ప్రకటించిరి. వారు 40 మంది శ్రోతలచేత నాలుగు లౌడ్‌స్పీకరులకు మార్కులు వేయించిరి. తెరచాటున వినినప్పుడు పడిన మార్కులు, తెర తీసి చూపగానే మారిపోయినవి. కంటికి ఘనముగా కనబడినవి పైకి పోయినవి. చిన్నదియు చవుకదియు క్రిందికి దిగినది. ఆ శ్రోతలు పామరులు కారు. ధ్వనిపరికరములు తయారుచేయు సంస్థలోని వారే.

అనుభవజ్ఞుడు మోసపోడనుకొనుట పొరపాటు. ఫ్రాన్సులోని నాన్సీ నగరమున బ్లాండ్లో అను ప్రసిద్ధ భౌతికశాస్త్రజ్ఞుడు 1903లో ఎన్-కిరణములను కనుగొంటినని ప్రకటించెను. పలువురు శాస్త్రజ్ఞులు తామును చూచితిమనిరి. 1904లో అమెరికా శాస్త్రజ్ఞుడు రాబర్ట్ వుడ్ ఆ ప్రయోగశాలకు పోయి, చీకటిలో పరికరమునుండి అల్యూమినియపు పట్టకమును ఎవరికిని తెలియకుండ తీసివేసెను. కిరణములు మునుపటివలెనే కనబడుచున్నవని అక్కడివారు చెప్పిరి! వారు దొంగలు కారు. చూడవలెనని కోరినదానిని చూచినారు. తెలియని పరీక్ష ఇందుకొరకే పుట్టినది. అది శ్రోతను అవమానించుట కాదు; అతనిని అతని కోరికనుండి కాపాడుట.

పరీక్షకు అవకాశము రాకపోలేదు. 2007లో జేమ్స్ రాండీ అను అమెరికా ఐంద్రజాలికుడు, 7,250 డాలర్ల ఖరీదుగల పియర్ సంస్థవారి స్పీకరు కేబులును సామాన్యపు కేబులునుండి విని వేరుచేసినచో పదిలక్షల డాలర్లిత్తునని పందెము వేసెను. అది మాగుటను గురించి కాదు, కేబుళ్ళ నడుమ తేడాను గురించి. కొంత చర్చ జరిగినది గాని పరీక్ష మాత్రము జరుగలేదు. మాగుటవలన వచ్చు తేడా, రెండు వేర్వేరు కేబుళ్ళ తేడాకంటె సూక్ష్మము కావలెను గదా! పెద్ద తేడాయే పరీక్షకు నిలువనిచో చిన్నదాని మాట చెప్పనేల?

ఎవరికి నష్టము?

"నమ్మినవానికి ఆనందము, నమ్మనివానికి నష్టము లేదు, ఎందుకీ రభస?" అని కొందరనవచ్చును. నష్టమున్నది. నచ్చని వస్తువును కొన్ని దినములలో తిప్పి యిచ్చు వీలు పలు అంగళ్ళలో కలదు. దినమునకు రెండు గంటలు వినువానికి 300 గంటలు నిండుటకు 150 దినములు పట్టును. మొదటి వారములో "ఇది బాగుగా లేదు" అని చెవి చెప్పిన మాటను, "ఇంకను మాగలేదు" అను మాట నోరు నొక్కును. గడువు దాటును, చెవి అలవాటుపడును, సొమ్ము అంగడిలో ఉండిపోవును. 300 గంటలకును మార్పు వినబడలేదన్నచో, 500 కావలెనందురు. లేదా నీ పరికరము చాలదందురు. తప్పగుటకు వీలే లేని మాట నిజమగుటకును వీలులేదు.

రెండవ నష్టము దీనికంటె పెద్దది. ఈ వ్యవహారములో పాతబడి నిజముగా చెడునది ఒక్కటి కలదు, అది చెవి. మనిషి లోపలి చెవిలో ధ్వనిని అందుకొను రోమకణములు పుట్టుకతో ఒక్కొక్క వైపున సుమారు 15,000. పెద్ద ధ్వనికి అవి నశించును. నశించినది మరల మొలవదు. ప్రపంచ ఆరోగ్య సంస్థయు, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ల సంఘమును కలిసి 2019లో వెలువరించిన ప్రమాణము ప్రకారము పెద్దలకు 80 డెసిబెళ్ళ ధ్వని వారమునకు 40 గంటలే హద్దు. ధ్వని 3 డెసిబెళ్ళు పెరిగినకొలది ఆ వ్యవధి సగమగును. తీగెను మాగవేయుటకు గంటలు లెక్కపెట్టువారు ఈ గంటలను లెక్కపెట్టినచో మేలు.

కొనువారికి చెప్పదగినది ఇంతే. హెడ్‌ఫోనును అంగడిలోనే తలకు సరిగా అమర్చుకొని, మీకు బాగుగా తెలిసిన పాటను విని, ఆ దినమున నచ్చినదానిని కొనుడు. నచ్చనిదానిని గడువులోపల తిప్పి యిండు. కొన్ని వారములలో అది మరింత ఇంపుగా తోచినచో సంతోషింపుడు. మీ మెదడు ఒక కొత్త పాఠము నేర్చుకొన్నది. ఆ పాఠమునకు మీరు తీగె వ్యాపారికి రుసుము చెల్లింపవలసిన పనిలేదు.